ముక్కుకెక్కిన జ్వరం

రాయగడ, 1957

అప్పా,

నాకు ఫ్లూ జ్వరం మెదడుకెక్కిందని ఎవరో నీ చెవిలో ఊదారట, నమ్మకు. ఎక్కింది ముక్కుకే. దాని పురుగు ముక్కులోని కణాల్లోకి దూరి, వాటిచేతే తనలాంటివాటిని పుట్టిస్తుందట. అక్కణ్ణుంచి మెదడుకు నరం దారి ఉందట. అంతదాకా పోకపోవడం నా అదృష్టమన్నారు డాక్టరుగారు.

వాసన మాత్రం పోయింది. ఆ సంగతి తెలియక లక్ష్మీపూర్ సంతలో చెడిపోయిన ఎండుచేపలు అమ్మబోయాను. నీ మరదలు, అదే నా ఇల్లాలు గురమ్మ బుట్ట లాక్కుని, "ముక్కుకేటయ్యింది? కంపు తెల్దా?" అంది. విన్నవాళ్లు నాకు మతి పోయిందనుకున్నారు; పుకారు అక్కడే పుట్టింది.

నిన్న వాసన తిరిగొచ్చింది. మొదట తగిలింది నా చొక్కాకున్న చేపల కంపే! సంతనుంచి రాగానే పెరట్లో స్నానం చెయ్యమని గురమ్మ ఇన్నేళ్లూ పోరుతుంటే చాదస్తమనుకున్నాను.

బావ వచ్చేటప్పుడు సున్నిపిండి పంపు. గురమ్మకు కాదు, నాకే.

నీ తమ్ముడు