తాతగారి కవర్లు తడపొద్దు

ఏమండీ, నేను ఆత్మకూరు బస్సుకు వెళ్తున్నాను. అన్నం, పప్పు మూతపెట్టి ఉంచాను. మధ్యాహ్నం మీ చిన్నాయన కొడుకు ఎడ్విన్ వస్తాడు. టీ పెట్టివ్వండి, అంతే. మీ తాతగారికి మిషన్ దొరలు రాసిన ఉత్తరాల పెట్టె మాత్రం తియ్యొద్దు.

"కవర్లకు అతుక్కున్న స్టాంపులు ఎవురూ కొనరు వదినా, నాకు పారెయ్యి" అన్నాడు నిన్న. ఎవరూ కొననివి అతనికెందుకు? కిటికీ దగ్గర నిలబడి ఒక్కో కవరు మీదా ఉదయగిరి పోస్టు ముద్ర ఎందుకు చదివినట్టు? మీరేమో ఆ మాట నమ్మి రెండు స్టాంపులు గిన్నెలో నానబెట్టి ఊడదీశారు, పైగా ఇస్త్రీ చేశారు. ముద్ర సగం కవరు మీదే ఉండిపోయింది. ఆత్మకూరులో స్టాంపులు సేకరించే పెద్దాయన ఉన్నారట. కవరుతో, ముద్రతో కలిపి ఉంటే విలువెంతో ఆయన చెప్పేదాకా ఇంకొకటి తడపొద్దు.

జెస్సీ

పెట్టె ఖాళీగా కనిపిస్తే కంగారు పడకండి. కవర్లన్నీ నా సంచిలోనే ఉన్నాయి. అనుమానం ఎడ్విన్ ఒక్కడి మీదే కాదు. అడిగినవాళ్ళకు లేదనడం మీకు రాదు. నన్ను పెళ్ళి చేసుకుంటారా అని నేనడిగినప్పుడూ రాలేదు.