బొరుగులు తినే చేతికి మోకు ఇచ్చిన విషయము

తహశీల్దారు వారి సముఖమునకు గుండ్లవంక కాపురస్థుడు ఉరుకుందప్ప వ్రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: కచేరీ బావిలో పడిన తమ ముద్ర కొరకు ఏసన్నను మరల దింపవలెనన్న హుకుము రద్దు చేయుట గురించి.

నేను బడి మొగము చూసినవాణ్ణి కాను. కచేరీ గోడకు అంటించిన జప్తు నోటీసులు చదివి అక్షరాలు పట్టుకొంటిని. ఇందులో ఎక్కడైనా బెదిరింపు ధ్వనిస్తే అది నా గురువుల తప్పు. ముద్రను నడుమున కట్టుకొని బావి గట్టున ముఖము కడుగుకొన్నది ఎవరో కూడా నేను అడగను.

1. ఏసన్న మా ఊరి మునకగాడు. చెంబులు, బొక్కెనలు, ఒకసారి రెడ్డిగారి మేకపోతును సైతము బయటికి తెచ్చినాడు (బ్రతికే ఉండినది, ఆ కథ వేరే అర్జీలో). ఎంత లోతు పోవచ్చునో గజాలలో మాకు లెక్క లేదు. మునిగేవాని నడుముకు మోకు కట్టి, రెండో కొస బామ్మర్ది పట్టుకొంటాడు. వాడు మునిగినప్పుడు వీడూ గట్టు మీద ఊపిరి బిగబట్టవలెను. వీడు ఇక తాళలేననుకొన్న క్షణమే లాగవలెను. అదే హద్దు. సొంత అక్క కాపురమాయె, బామ్మర్ది మోసము చేయడు.

2. మంగళవారము ముద్ర కొరకు ఏసన్న దిగేటప్పుడు, వాని బామ్మర్ది లేవి మోకుతో గట్టెక్కబోతే తమ బంట్రోతు అడ్డము నిలిచినాడు.

"యాడికెక్కుతాండావు? మీ పేటోళ్ళు ఈ గట్టు తొక్కకూడదు."

"మా బావ నీళ్ళల్లో దిగొచ్చునా అప్పా?"

"అది సర్కారు పని."

అనగా ఏసన్న తలతో సహా మునగవచ్చును, లేవి అరికాలు రాతికి తగలరాదు. తమరు త్రాగేది రాతిని కాదు, ఆ నీళ్ళనే. ఈ చట్టము ఏ గోడకు అంటించినారో నేను చదవలేదు.

3. మోకు బంట్రోతు తీసుకొన్నాడు. ఎడమ చేత మోకు, కుడి చేత బొరుగులు. నమిలే నోటికి ఊపిరి ఎట్లా బిగిసేది? లేవి దూరాన నిలబడి తన ఊపిరి బిగబట్టి, అది తెగగానే లాగమని అరిచినాడు. "ఉండప్పా, వానికి లేని తొందర నీకేల? ముద్ర దొరికితే వాడే మోకు జాడిస్తాడులే" అని బంట్రోతు ఇంకో పిడికెడు నోట్లో వేసుకొన్నాడు. లేవి గట్టు తొక్కి, మోకు గుంజుకొని లాగినాడు. ఏసన్న చెవులలో, ముక్కులో నెత్తురు. భార్య రాహేలమ్మ వాని మొగము పట్టుకొని "ఇట్ల చూడు, నేనెవరు?" అంటే, వినబడక, "ముద్ర దొరకలేదు" అన్నాడు.

4. గట్టు మైల చేసినాడని లేవి మీద కేసు వ్రాసినారు. సోమవారము దిగకుంటే ఏసన్న చేనికి పట్టా ఇచ్చేది లేదని హుకుము పంపినారు. దాని మీద ముద్ర లేదు. ఉండదు, అది బావిలో ఉంది. ముద్ర లేని కాగితము చెల్లదని పోయిన ఏడు నా కాగితము వాపసు చేసినది తమరే.

కావున ఏసన్నను దింపరాదు, లేవి మీది కేసు ఎత్తివేయవలెను. దింపి తీరవలెనంటే మోకు తమరే పట్టుకొనవలెను, నోరు మూసుకొని.

ముద్ర కొరకు ఆగకుండా చిత్తగించవలెను.

కోపము తగ్గినాక తమ విధేయుడు,
ఉరుకుందప్ప

తా.క.: ఇది మడిచేలోగా ఏసన్న వచ్చినాడు. "సోమారం దిగుతా పెద్దప్పా. పట్టా గావల్ల గదా. లేవిని గట్టెక్కనీరు, నిన్నయితే ఏమనరు. మోకు నీవే పట్టు." నాకు ఉబ్బసమురా అని వాని చెవిలో అరిచినాను. "అందుకే" అని నవ్వినాడు. అయ్యా, వాని తల తడవక ముందే లాగేస్తాను. ముద్ర ఉన్నచోటనే ఉంటుంది. బంట్రోతును బొరుగులు తెచ్చుకొమ్మనండి.