తండ్రి పేరు తప్పనిసరి

గిన్‌బొత్ 6, అడిస్ అబాబా

ఎనిమిదో తరగతి పరీక్షల పని మా ఆఫీసుకే వచ్చింది. బడుల పాత డేటా టేబుళ్లలో ఒక్కో కాలమ్‌కి ఒక్కో వింత పేరు. వాటిని కొత్త సిస్టమ్‌లోకి చేర్చే మ్యాపర్ నేనే రాశాను. కోడ్‌లో ప్రతి ప్రాపర్టీ నెత్తిన ఒక కస్టమ్ అట్రిబ్యూట్, చీటీ అంటించినట్టు: నువ్వు ఫలానా కాలమ్ నుంచి రావాలి, అని. ప్రోగ్రాం ఆ చీటీలు చదువుకుని ఎవరి సరుకు వాళ్లకి చేరుస్తుంది. అందంగా వచ్చింది. మెచ్చుకునేవాళ్లు లేరు కనక నేనే మెచ్చుకుంటున్నాను.

గిన్‌బొత్ 9

మేనేజర్ జెరిహున్ నా స్క్రీన్ మీద వేలు పెట్టి, ఈ తండ్రి పేరు మీద ‘రిక్వైర్డ్’ అని ఇంకో చీటీ కూడా తగిలించమ్మా అన్నాడు. ఖాళీగా ఉంటే? అన్నాను. ఎందుకుంటుంది, పిల్లలు ఆకాశంలోంచి ఊడిపడతారా ఏంటి అన్నాడు. పక్క సీటు బిర్హానుకి కాఫీ పొలమారింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి నన్ను చెప్పుతో కొట్టాలి.

మాకు ఇంటిపేర్లు లేవు. పేరు, పక్కన తండ్రి పేరు, ఆ పక్కన తాత పేరు. ఈ ఏడు ఎనిమిదిలో ఉన్న నా కూతురు ఫీనోట్‌కి బడి రిజిస్టర్‌లో రెండో గడి ఖాళీ. వాడు తన పిల్ల కాదన్నాడు. వాడి పేరు రాయనని నేనన్నాను. ఆఫీసులో మాత్రం నా మొగుడు జిబూతీ రూట్లో లారీ నడుపుతాడు. ఆరేళ్లుగా నడుపుతూనే ఉన్నాడు, పాపం.

చీటీ తగిలించాను.

గిన్‌బొత్ 10

చీటీ పీకేద్దామని ఫైలు తెరిచి, మళ్లీ మూసేశాను.

గిన్‌బొత్ 20

డెబ్భై వేల రికార్డులు చేరాయి. రెండొందల పద్నాలుగు చేరలేదు. ఎర్రర్ లాగ్ తెరిచి చూశాను. ఫీనోట్ ఉంది, నూట నలభయ్యో వరసలో.

జెరిహున్‌కి వాళ్ల సంగతి చెప్పాను, నా సంగతి కాదు. బళ్లవాళ్లు సరిగ్గా రాయకపోతే మనం ఏడవాలా, వచ్చే ఏడు రాసుకుంటార్లే అన్నాడు.

సెనె 1

హాల్ టికెట్లు పంచారు. ఫీనోట్‌కి రాలేదు. హెడ్‌మాస్టర్ క్లాసు ముందు నిలబెట్టి మీ నాన్న పేరేంటని అడిగాడట. ఇంటికొచ్చాక షిరో కూర వడ్డిస్తే పళ్లెం పక్కకి నెట్టేసింది. మీ కంప్యూటర్లో నన్నెవరు తీసేశారమ్మా అంది.

నేనే అన్నాను.

సెనె 2

పొద్దున్నే వెళ్లి ‘రిక్వైర్డ్’ పీకేశాను. కొత్త అట్రిబ్యూట్ రాశాను: తండ్రి గడి ఖాళీ అయితే తల్లి కాలమ్ నుంచి తీసుకో. నా పిల్ల ఒక్కదానికే కాదు, రెండొందల పద్నాలుగు మందికీ. హాల్ టికెట్లు ప్రింటుకి పంపేశాకే జెరిహున్‌కి చెప్పాను.

మండిపడ్డాడు. ఎవర్నడిగి చేశావు అస్నకెచ్, తల్లి పేరు తండ్రి గడిలో ఎవడైనా పెడతాడా, వెనక్కి తెప్పించు అన్నాడు. తెప్పించను, అందులో నా కూతురుంది అన్నాను. ఆఫీసంతా ఇటు తిరిగింది. మరి జిబూతీ ఆయనో అన్నాడు బిర్హాను. అలాంటివాడు ఎప్పుడూ లేడు అన్నాను. చెప్పాక తేలికపడతానేమో అనుకున్నాను. లేదు, చలి వేసింది.

సెనె 4

ఉద్యోగం పోయింది. ఆ మ్యాపర్ మాత్రం వాళ్ల దగ్గరే ఉంటుందట, బాగా పనిచేస్తోందట.

సెనె 11

ఫీనోట్ పరీక్షకి వెళ్లింది. నాతో ఇంకా మాట్లాడటం లేదు. గేటు దగ్గర జరిగింది వాళ్ల టీచర్ ఫోన్ చేసి చెప్పింది. పేర్లు పిలిచేవాడు ‘ఫీనోట్ అస్నకెచ్’ అని చదివి ఆగాడట. అస్నకెచ్ ఏంటే, మీ నాన్న ఆడదా అన్నాడట. వరసంతా నవ్విందట.

అవునని చెప్పి లోపలికి వెళ్లిపోయిందట.