నలభై ఒక్క ముక్కలు

సెక్టర్ 2, భిలాయి
జూన్ 10

అత్తయ్యకి దుర్గాదేవి నమస్కారాలు. ఇక్కడ ముగ్గురం క్షేమమే, ఒకరు మాట్లాడకపోవడం తప్ప.

మీకు ఫోను వినపడదు కనుక ఉత్తరమే రాస్తున్నాను. కుమ్హారి నుంచి ఇక్కడికి బస్సులో ముప్పావుగంట, ఉత్తరానికి నాలుగు రోజులు. ఫరవాలేదు, ఇది నిదానంగా చెప్పవలసిన సంగతే.

ప్లాంటు ఉద్యోగం పరీక్ష మా అమ్ముకి మూడోసారి కూడా పోయింది. ఫలితాలు వచ్చి నలభై మూడు రోజులు. అప్పటినుంచి గడప దాటలేదు. నాతో అన్న మాటలు రాసి పెట్టుకున్నాను: 'ఊ' నూట పన్నెండు, 'వద్దు' అరవై, 'బాద్ మే', అంటే తరవాత, ముప్పై ఎనిమిది. బడిలో టీచరు బోర్డు మీద తప్పు రాస్తే లేచి వెళ్ళి దిద్దిన పిల్ల! మొన్న పులుసులో ఉప్పు రెండుసార్లు వేసినా ఏమీ అనకుండా తినేసింది. అప్పుడే నాకు భయం వేసింది.

రోజంతా కంప్యూటర్లో ఒకటే ఆట. దాన్ని అడిగి లాభం లేదు, ఆటనే నేర్చుకుందామని మధ్యాహ్నం అది పడుకున్నప్పుడు కూర్చుంటున్నాను. ఒక నోటుబుక్కు పెట్టాను. ఆట పేకలతో. ఏడు అంతస్తుల గనిలోకి దిగాలి. మొదట పది ముక్కలు ఇస్తారు: ఐదు కొట్టేవి, ఐదు కాచుకునేవి. ఒక్కో అంతస్తులో ఎవరో ఒకరు అడ్డం వస్తారు. గెలిస్తే ఒక కొత్త ముక్క. చచ్చిపోతే తెచ్చుకున్నవన్నీ పోయి మళ్ళీ మొదటినుంచి, అప్పటికి గని దారులు కూడా మారిపోతాయి.

దిగేవాళ్ళు ముగ్గురు. పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయి, నేను తెలుగులో పెట్టుకున్నాను. కమ్మరి సుత్తితో కొట్టేకొద్దీ వేడెక్కుతాడు. దీపాలమ్మ తన ప్రాణాన్నే నూనెలా పోసి దీపం పెంచుతుంది. గబ్బిలాల పిల్ల విషం చల్లి దూరంగా నిలబడుతుంది. నేను కమ్మరితోనే ఉంటున్నాను, నెమ్మదస్తుడు.

మీ మేనకోడలు,
దుర్గ

తా.క.: నిన్న ఒక్క మధ్యాహ్నం పదకొండుసార్లు చచ్చిపోయాను. పప్పు మాత్రం మాడలేదు.

*

కుమ్హారి
జూన్ 16

ఒలే దుర్గా,

నీ ఉత్తరం చదివి మంచమ్మీద కూలబడిపోనాను. ఏటే ఇది? మీ మావయ్య పేకలకాడ రెండు సైకిళ్ళు పోగొట్టీసింది మరిసిపోనావా? ఇప్పుడు నువ్వు కూకున్నావా, అదీ పిల్లున్న ఇంట్లోన?

సత్యప్రసాద్ డ్యూటీకి ఎల్లీసరికి ఆ కమ్మరోడు మీ ఇంట్లో ఏటి సేస్తన్నాడు? క్వార్టర్లో బైటోళ్ళని పెట్టుకుంటే కాయితం ఇచ్చి కాళీ చేయించీయరూ? మొగుడితో చెప్పే పెట్టావా? ఇనప పని సేసినోడు నెమ్మదస్తుడేటి, నా బొంద. ఆ దీపాలమ్మ ఎవులు? సొంత పేనం నూనిలాగ పోసుకున్న మనిషిని అమ్ము పక్కన పడుకోనీకు. గబ్బిలాల గుంట వంటింట్లోకి రాకుండా సూడు.

పదకొండుసార్లు చచ్చిపోడం మంచిది కాదు. విభూది పంపిస్తన్నాను. నువ్వూ పెట్టుకో, అమ్ముకీ పెట్టు.

ఇట్లు, కంగారులో ఉన్న మీ అత్త
సింహాచలమ్మ

తా.క.: గనిలోకి దిగినోళ్ళకి టోపీ ఇస్తారు. మీ నాన్నకి నందిని గనుల్లో పచ్చ టోపీ ఇచ్చేరు. నీకిచ్చేరా? ఇవ్వకపోతే దిగకు.

*

సెక్టర్ 2
జూన్ 24

అత్తయ్యకి,

విభూది అందింది. అమ్ము నుదుట పెట్టాను. 'ఊ' అంది.

మీరు పొరబడ్డారు. కమ్మరి మనిషి కాదు, బొమ్మ. కంప్యూటర్లోనే ఉంటాడు, భోజనం చెయ్యడు. దీపాలమ్మా అంతే. ఇందులో సైకిళ్ళు పోవు, పోయేది మధ్యాహ్నాలు మాత్రమే.

నా కష్టం వేరు. గెలిచినప్పుడల్లా మూడు ముక్కలు చూపించి ఒకటి ఉచితంగా తీసుకోమంటారు. వద్దని కూడా అనవచ్చు. ఉచితంగా వచ్చేదాన్ని ఎవరైనా వద్దంటారా? పెరుగు డబ్బాలు కడిగి దాచేదాన్ని నేను. ప్రతిసారీ తీసుకున్నాను. నలభై ఒక్క ముక్కలయ్యాయి. ఒక విడతకి ఐదే చేతికొస్తాయి కదా, నాకు కావలసిన సుత్తి దెబ్బ ఎప్పుడూ అడుగునే ఉండిపోతుంది. మూడో అంతస్తులో రాతి తేలు ఉంది. ఈసారి ఎంత గట్టిగా కుట్టబోతోందో ముందే తల మీద చూపిస్తుంది, పాపం. చూస్తూ చూస్తూ కుట్టించుకుంటున్నాను. పైగా గనిలో ఒక కొట్టు ఉంది. అక్కడ డబ్బిచ్చి ముక్కలు పారేయించుకోవచ్చట. డబ్బిచ్చి పారేయడం! ఆ మాట కింద నోటుబుక్కులో ఎర్రగీత గీశాను.

నిన్న అలా కుట్టించుకుంటుండగా వెనక నుంచి గొంతు వినపడింది.

"అరే అమ్మా! సబ్ కుచ్ క్యోం ఉఠా లేతీ హో? అన్నీ తీసుకుంటే మంచిది చేతికి ఎప్పుడొస్తాది? కుచ్ ఛోడ్‌నా భీ పడ్‌తా హై, కొన్ని వదిలెయ్యాల!"

అమ్ము, అత్తయ్యా! ఒక్క ఊపున అన్ని మాటలు! లెక్కపెట్టడం మరిచిపోయాను. నేను తిరిగి చూసేలోగా గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మీ దుర్గ

తా.క.: మీ ఉత్తరం బల్ల మీద వదిలేశాను. అది తెలుగు కూడబలుక్కుని చదువుతుంది కదా. సాయంత్రం చూస్తే టోపీ సంగతి పక్కన పెన్సిలుతో హిందీలో 'గలత్' అని రాసి ఉంది.

*

కుమ్హారి
జూన్ 29

ఒలే దుర్గా,

గలత్ అన్నదెవులు? నాను రాసిందాంట్లో తప్పేటుంది?

నాకంతా తెలిసిపోయింది. కమ్మరోడూ దీపాలమ్మా మొగుడూ పెళ్ళాలు. గబ్బిలాల గుంట ఆళ్ళ కూతురు. ముగ్గురూ నందిని గనుల్లోంచి పారొచ్చి మీ కంప్యూటర్లో దూరేరు. ఆ తేలు ఎదటోడి తల మీద కుడతాదని నువ్వే రాసేవు. చచ్చినోళ్ళు ఎక్కడ చచ్చేరో అక్కణ్ణించే లెగిసి ఆడతారు. అంతేనా కాదా?

నీకు సెప్పడం రాదే. పప్పు గురించి అడిగితే పెసలు నానబెట్టిన కాడినుంచి మొదలెడతావు. తెలిసినోళ్ళెవులైనా వచ్చి నా ముందర కూకుని సెప్పాల. లేపోతే వచ్చే ఆదివారం మా పక్కింటి రామమోహనరావుగార్ని తీసుకుని నానే వొచ్చీసి, మీ లైన్లో అందరి ముందరా అడుగుతాను, కమ్మరోడెక్కడని. ఆయన రైల్వేలో గార్డు సేసి దిగేడు, జెండా కూడా ఉంది.

ఇట్లు, మీ అత్త

తా.క.: నలభై ఒక్క ముక్కలు మొయ్యడమేటే? అన్ని మోస్తే కమ్మరోడు సుత్తి ఎప్పుడెత్తుతాడు?

*

సెక్టర్ 2
జూలై 4

అత్తయ్యకి,

ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. తెస్తున్న మనిషి మీ ఎదురుగానే నిలబడి ఉంటుంది.

మీ ఉత్తరం బల్ల మీద పెట్టాను. అమ్ము చదివింది. మొగుడూ పెళ్ళాల దగ్గర భుజాలు కదిలాయి. చచ్చినచోటి నుంచే లేస్తారన్న దగ్గర పైకే అంది: "అబే నహీఁ! మొదటినుంచీ రావాల!" జెండా దగ్గరికొచ్చేసరికి నవ్వింది, అత్తయ్యా. అరవై ఏడో రోజున నవ్వింది. నేను వంటింట్లో గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

తరవాత తలకి నూనె రాసుకుంది. "అమ్మా, తుమ్ రహ్‌నే దో, నువ్వు ఊరుకో. కుమ్హారి అమ్మమ్మకి ఒక్కటీ సమఝ్ కాలేదు. నేనే వెళ్ళి చెప్తాను" అని లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయల్దేరింది. బస్సు కదిలేదాకా నిలబడి చూశాను.

మీరు ఎంత కోప్పడినా ఆట మీద కోప్పడండి. పరీక్ష మాట మాత్రం ఎత్తకండి.

మీ దుర్గ

తా.క.: సంచిలో కారప్పూస ఉంది. అది ఇవ్వడం మరిచిపోతే అడిగి తీసుకోండి.

*

కుమ్హారి
జూలై 9

దుర్గమ్మా,

పిల్ల బాగుంది. రెండు పూటలా తింటంది. నిన్న చారులో ఉప్పు తక్కువైందని నా ముందరే అంది. నీ ఉత్తరం నాకు ఇచ్చేముందు దారిలో చదివీసిందట.

ఇప్పుడొక మాట సెప్తాను, తిట్టకు. నాకు చెవుడే గాని బుర్ర పని సేస్తంది. కింద వాటాలో ఛాయ అని కాలేజీ పిల్లుంది. దాని లాప్‌టాప్‌లో ఈ ఆట మాఘమాసం నుంచీ ఆడతన్నాను. చెవులతో పని లేని ఆట, నాకు బాగా కుదిరింది. నీ మొదటి ఉత్తరంలో కమ్మరోడనగానే పోల్చీసేను. నాను ఐదో అంతస్తు ఎప్పుడో దిగీసేను.

మరి ఇదంతా ఎందుకంటావా? ఏటైందమ్మా అని అడిగినోళ్ళకి ఆ గుంట బదులు సెప్పదు. తప్పు మాటాడినోళ్ళని మాత్రం దిద్దకుండా ఉండలేదు. నువ్వే రాసేవు కదా, టీచరు సంగతి. అందికే ఎన్ని తప్పులు పడతాయో అన్నీ రాసేను. రామమోహనరావుగారు పాపం మోకాళ్ళ నొప్పులతో గుమ్మం కూడా దిగరు.

పరీక్ష మాట నానెత్తలేదు. తనే సెప్పింది. మూడోరోజు కమ్మరోడితో కొట్టులోకెల్లి పాత ముక్కొకటి పారేయిస్తా, తెర మీంచి కళ్ళు తియ్యకుండా అంది: "అమ్మమ్మా, ఆ పరీక్ష ఇంక రాయను. అమ్మ ఏదీ పారేయదు కదా. ఎలా చెప్పాల?" నాకు వినబడదని దానికి తెలుసు. అందికే సెప్పగలిగింది గావాల. అయితే నాను పెదాలు సూస్తన్నాను.

ఓడిపోయినందుకు కాదే దుర్గా అది గదిలో కూకున్నది. నీకు ఆ మాట సెప్పలేక.

నీకు ఈ సంగతి రాసీస్తన్నానని దానికి సెప్పీసేను. ఒక గంట నా మీద అలిగింది, తరవాత నీళ్ళు పోసుకుంది. నీ బదులు కోసం సూస్తంది. నాకు రాయకు, దానికి రాయి.

ఇట్లు, మీ అత్త

తా.క.: పధ్నాలుగు ముక్కలు చాలు. మొదట్లో ఇచ్చిన కాచుకునేవి ముందు తీయించు, అవి ఎందుకూ పనికిరావు. కారప్పూస అయిపోయింది.

*

సెక్టర్ 2
జూలై 13
(కార్డు)

అమ్ముకి అమ్మ ఆశీస్సులు.

అమ్మమ్మ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి ఏడుపొచ్చింది, తరవాత మూడుసార్లూ ఊపిరి వచ్చింది. ఇంతేనా తల్లీ? ఇంకేదో అనుకుని రెండున్నర నెలలు ఎన్ని పూజలు మొక్కుకున్నానో ఒక జాబితా ఉంది. అవి తీర్చడానికైనా నువ్వు నాతో తిరగాలి.

పరీక్ష పుస్తకాలు ఇరవై రెండు పాత సామాన్లు కొనే కబాడీవాడికి ఇచ్చేశాను. నువ్వు లేవు కనుక నీ పాత కంప్యూటరు నాదే. పదహారు ముక్కలతో దిగాను. రాతి తేలు చచ్చింది. నాన్నని పిలిచి చూపించాను, "అచ్ఛా" అన్నారు.

నీ వీలు చూసుకుని రా. వచ్చాక ఏం చేద్దామన్నది నువ్వు చెప్పు, నేను వింటాను. తప్పు మాట్లాడితే దిద్దు.

అమ్మ

తా.క.: ఇరవై రెండు కాదు, ఇరవై ఒకటి. లావుపాటి పుస్తకం ఒకటి ఉంచాను. కంగారు పడకు, తెర ఎత్తు కోసం కింద పెట్టాను.