పాలగ్లాసులో పోయిన పంటిముక్క

దంతవైద్యశాల సూపరింటెండెంటు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా మనవరాలి విరిగిన ముందుపన్నుకు ఇచ్చిన నాలుగు నెలల వాయిదాను రద్దుచేయుట గురించి.

పగలు కుట్టుమిషను, సాయంత్రం వీధి మూలల్లో వాక్యప్రసంగం నా పని. నాకు చదువు నేర్పినది పరిశుద్ధ గ్రంథమే గాని బడి కాదు. మాటలో కరుకుదనం ఉంటే మన్నించవలెను, తగ్గించుట నా చేత కాదు.

1. సోమవారం బడి కుళాయి దగ్గర తోపులాటలో, తొమ్మిదేళ్ల మా మనవరాలి పైపన్ను సగానికి విరిగినది. పంతులమ్మ ముక్కను వెతికి పాలగ్లాసులో వేసి, "తడి ఆరనివ్వకండి, అతికిస్తారు" అని నా చేతికిచ్చినది. గంటలోపే తమ ఆసుపత్రికి చేరితిమి.

2. డాక్టరమ్మ ఖాళీగానే కూర్చున్నది. చీటీ లేనిదే గుమాస్తా తలుపు దాటనివ్వడు, చీటీ రాయడు. గంటన్నర గడిచినది. అడిగితే, "పాలపన్నేగా పెద్దాయనా, మళ్లీ వస్తుందిలే" అన్నాడు. తొమ్మిదేళ్లకు అవి పాలపళ్లా? పిల్ల నోరు తెరిచి చూసినదెవరు?

3. ఇంతలో గుమాస్తా బల్లమీది మా గ్లాసును ఆయా ఎత్తుకుపోయి, ఆ పాలతో సిబ్బందికి టీ కాచినది. వడకట్టిన టీపొడి, పంటిముక్కతో సహా, అప్పటికే తూము పాలైనది. మోచేతిదాకా చెయ్యి పెట్టి దేవితిని. దొరకలేదు.

4. చివరకు చీటీ దొరికి లోపలికి పోతే, "ముక్క ఉంటే ఇప్పుడే అతికించేదాన్ని తాతా" అన్నది డాక్టరమ్మ. ఇక పంటిరంగు సిమెంటుతో కట్టాలట. అది నిండుకున్నదట, నాలుగు నెలలాగి రమ్మన్నారు. అందాకా లోపలి నరం బతుకుతుందో లేదో చెప్పలేరట. ఇప్పటికే నీళ్లు తగిలితే పిల్ల విలవిల్లాడుతున్నది.

కావున వారంలోగా సిమెంటు తెప్పించి పన్ను కట్టించి, గుమాస్తాను తగురీతిని శిక్షింపవలెనని నా మొర. ఇది ఒక బిడ్డ నోటి సంగతిగా చిత్తగించవలెను.

తమ విధేయుడు,
దర్జీ, వాక్యబోధకుడు

తా.క. మూడో అంశంలో ఒకటి దాచాను. "తాతయ్యా, గ్లాసు వదలకు" అని పిల్ల రెండుసార్లు చెప్పింది. గ్లాసును ఆ బల్లమీద పెట్టింది నేనే. రెండు చేతులూ ఎత్తి, వరసలో ఉన్నవాళ్లందరికీ ప్రసంగం చేశాను. దుర్మార్గుల పళ్లు దేవుడే విరగ్గొడతాడన్న వాక్యం. గుమాస్తాకు తగలాలని ఎత్తుకున్నాను. అరగంట చెప్పాను. ఆపి చూస్తే గ్లాసు లేదు. పిల్ల అరచేత్తో నోరు మూసుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఇవాళ్టికీ తియ్యలేదు.

నిన్న ఆ చేతి వెనకనుంచే అడిగింది: "నేనేం చేశాను తాతయ్యా?"

గ్రంథమంతా తిరగేశాను. నా దగ్గర జవాబు లేదు. తమ దగ్గర సిమెంటు ఉన్నా చాలు. గుమాస్తాను వదిలేయండి.