అక్క నిలబడిన వైపు

అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం, వంటింటి కిటికీ అద్దం తప్ప. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావని తెలుసు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను ఊఁ కొడతాను, పెట్టేశాక ఒక్క ముక్క గుర్తుండదు. ఇది గుర్తుండాల్సిన విషయం.

నా కూతురు, అదే మన పిడుగు, స్కూల్లో సాఫ్ట్‌బాల్ ఆడుతోంది. పరుగెత్తమంటే గాలిలా పరుగెత్తుతుంది. కొట్టమంటే మాత్రం కట్టెలు చీల్చినట్టు బ్యాటుని పైనుంచి కిందకి దించుతుంది. కోచ్ గారు నన్ను పిలిచి, "నెలాఖరు ఆదివారం సెలక్షనండీ. ఈలోగా స్వింగ్ కుదరకపోతే పాపని స్కోరు రాయడానికి కూర్చోబెడతాను" అన్నారు. ఆ రోజు నుంచి పిల్ల సరిగ్గా తినడం లేదు. బ్యాటు పక్కలో పెట్టుకుని పడుకుంటోంది.

నాకు వాచీలు బాగుచెయ్యడం తప్ప ఏమీ రాదు. కానీ నువ్వు కాలేజీ టీములో ఆడినన్నాళ్లూ, మన పాత ఇంటి వెనక సందులో సాయంత్రాలు నీకు బాల్ వేసింది నేనే కదా. నువ్వు కొడితే వచ్చే ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంది. బాల్ నా నెత్తి మీదుగా పోతే ఏడుస్తూ పరుగెత్తి తెచ్చేవాణ్ణి. నువ్వెలా నిలబడేదానివో కళ్లకి కట్టినట్టుంది. నువ్వు రాయి, నేను నేర్పిస్తాను.

నీ తమ్ముడు

తా.క. కిటికీ పగిలింది బాల్ తగిలి కాదు. బ్యాటు చేతిలోంచి జారి.

*

తమ్ముడికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మన లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గరే చదివాను. చదువుతూ ఎవరిదో తెల్ల చొక్కా కాలర్ మాడ్చాను. ఆ పాపం నీదే.

ఇన్నేళ్లకి నన్ను ఆ ఆట గురించి అడిగినవాడివి నువ్వొక్కడివే. అమ్మ మోకాళ్లు పనిచెయ్యక నేను షాపులో నిలబడ్డాక, సాఫ్ట్‌బాల్ మాట మనింట్లో ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఏడుపొస్తుందని నేనూ ఎత్తలేదు.

సరే, విను. పక్కకి తిరిగి నిలబడాలి. ఎడమ కాలు ముందుకి, బాల్ వేసేవాళ్ల వైపు. బ్యాటు కుడి భుజం దగ్గర. బాల్ వస్తుంటే ముందు కాలు నిద్రపోయే పసిపిల్ల పక్కన అడుగేసినట్టు మెల్లగా వెయ్యాలి. అప్పుడు నడుము తిరగాలి, తర్వాత భుజాలు, చేతులు ఆఖర్న. అర్థం కాకపోతే తడి దుప్పటి కొస పట్టుకుని పక్కకి ఝాడించమను. దుప్పటి ఝాడించేటప్పుడు ఎవరూ చేతులతో మొదలుపెట్టరు.

మీ అక్క

తా.క. నువ్వు ఏడుస్తూ బాల్ తెచ్చేవాడివి కాదు. ఏడుస్తూ అమ్మ దగ్గరికి పోయేవాడివి. బాల్ నేనే తెచ్చుకునేదాన్ని.

*

అక్కకి,

నమస్కారాలు. దుప్పట్లన్నీ క్షేమం. నీ మరదలు పెళ్లయ్యాక ఇంత సంతోషంగా ఎప్పుడూ లేదు. పక్కింటివాళ్లు కూడా వాళ్ల దుప్పట్లు తెచ్చి పిడుగు చేతికిస్తున్నారు.

ఎలా నిలబడాలో నేనే చేసి చూపించాను. పిల్ల నా వెనకాల నిలబడి అచ్చం అలాగే చేసింది. కట్టెలు చీల్చడం పోయింది. బాల్ తగులుతోందక్కా! మొదటిసారి తగిలినప్పుడు ఆ చప్పుడికి నేను నా వాచీ షాపు సందులో బొమ్మలా నిలబడిపోయాను. ఒక్క క్షణం మన పాత సందే అనుకున్నాను. "నాన్నా, బాల్!" అని పిల్ల అరిచేదాకా తేరుకోలేదు.

ఒకటే చిక్కు. ప్రతి బాలూ పిల్లకి కుడివైపే పోతోంది. అటువైపు పళ్ల డాక్టరు గారి గది. బాల్ గోడకి తగలగానే నోరు తెరుచుకుని కూర్చున్నవాళ్లు టక్కున మూస్తున్నారు. డాక్టరు గారి వేలు లోపలే ఉంటోంది.

మందు చెప్పు.

నీ తమ్ముడు

తా.క. ఆయన కోపం తగ్గడానికి వాచీ ఊరికే బాగుచేసిస్తానన్నాను. ఆయనకి వాచీ లేదట.

*

తమ్ముడికి,

ఆశీస్సులు. కుడివైపు పోతోందంటే బ్యాటు ఆలస్యంగా వస్తోందని. కొత్తవాళ్లందరికీ ఉండే జబ్బే, కంగారుపడకు. ఇంకాస్త ముందే తిప్పమను.

మీ అక్క

తా.క. దుప్పట్లు ఆరేసేది ఎవరు? నా మరదలు ఆ పని కూడా స్వింగులో భాగమని చెప్పినా నమ్మకు.

*

అక్కకి,

నమస్కారాలు. ముందే తిప్పించాను. బాల్ ఇంకా కుడికి పోయి డాక్టరు గారి స్కూటర్ని పడేసింది. చాలలేదేమో అని ఇంకా ముందుకి జరిపాను. ఇప్పుడు నేను బాల్ వదలకముందే పిల్ల తిప్పేసి, బ్యాటు దించేసి, నా వంక జాలిగా చూస్తోంది.

వచ్చే ఆదివారమే సెలక్షన్. పిల్ల మళ్లీ తిండి మానేసింది. "అత్తకి నేనంటే కోపమా నాన్నా?" అని అడుగుతోంది.

నీ తమ్ముడు

తా.క. డాక్టరు గారు ఇప్పుడు మమ్మల్ని చూడగానే తలుపేసుకుంటున్నారు. నాకు పన్ను నొప్పి మొదలైంది.

*

తమ్ముడికి,

ఈసారి ఆశీస్సులు లేవు. పిల్ల మీద నాకెందుకురా కోపం? నీ మీద. నీ బాల్ ఎలా వస్తుందో నాకు తెలీదా! నువ్వు వేసింది నా దగ్గరికి చేరేలోగా నేను జడ వేసుకునేదాన్ని. నేను చెప్పినదాంట్లో తప్పు లేదు, నువ్వు చేయించడంలో ఉంది. పిల్ల నిలబడ్డచోట పాదాల చుట్టూ సుద్దముక్కతో గీసి, అది కాగితం మీదకి దించి వెంటనే పంపు. ఏ కాలు ఎక్కడుందో రాయి.

నీ అక్క, నీ ఖర్మ

తా.క. పిల్లని తినమను. ఖాళీ కడుపుతో నడుము తిరగదు.

*

అక్కకి,

నమస్కారాలు, నువ్వు పుచ్చుకున్నా మానినా. బొమ్మ పంపుతున్నాను. కుడి కాలు ముందుందని అరవకు. నువ్వు ఎడమ అని రాశావు, పెద్దదానివి, పొరపాటు పడ్డావులే అని నేనే సరిదిద్ది నేర్పాను. నీకు చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు.

నేను ఎదురుగా నిలబడి చూశానక్కా. నువ్వు నాకు కుడిచేతి వైపు నిలబడేదానివి. అంటే కుడి కాలేగా ముందుండేది? పిల్లకి కూడా ఇలా పట్టుకుంటేనే హాయిగా ఉందట. నీ స్వింగ్ నువ్వెప్పుడూ చూసుకోలేదు. చూసినవాణ్ణి నేను.

నీ తమ్ముడు (ఇప్పటికీ)

తా.క. పన్ను పీకించుకున్నాను. డాక్టరు గారు మత్తు ఇచ్చాక చాలాసేపు మనసువిప్పి మాట్లాడారు. నేను జవాబివ్వలేకపోయాను.

*

ఒరేయ్ తమ్ముడూ,

నీ బొమ్మ చూడగానే ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసి ఉన్నదున్నట్టు చేస్తే కుడి ఎడమలు తారుమారవుతాయిరా! పిల్లని ఎడమచేతి బ్యాటర్ని చేసి పెట్టావు. నేనేమో కుడిచేతి పిల్ల అనుకుని మందులిచ్చాను. ఎడమచేతివాళ్లకి బాల్ కుడికి పోయిందంటే అది ఆలస్యం కానే కాదు, తొందర. తొందరపడేదాన్ని ఇంకా తొందరపెట్టాను.

ఇదంతా రాసి, కవరు అంటించాక గుర్తొచ్చింది, నీకు అందేసరికి సోమవారం అవుతుందని. ఫోన్ చేస్తే నువ్వు ఊఁ కొడతావు. అందుకని ఆదివారం పొద్దున్నే షాపు మూసి బస్సెక్కాను. మిగతాది తిరిగొచ్చాక, ఆ కవరే చింపి రాస్తున్నాను.

అవును, వచ్చాను. గ్రౌండు కంచె ఇవతల నిలబడ్డాను. "అటు కాదే, ఇటు!" అని అరవడానికే వచ్చాను. పిడుగు బ్యాటు పట్టుకుని అటువైపే వెళ్లి నిలబడింది. నోరు తెరిచాను. కంచె పట్టుకుని అలాగే చూస్తుండిపోయాను.

నా స్వింగ్ నేను చూసుకోలేదన్నావు కదా. చూసుకున్నానురా. ఇంట్లో ఎవరూ లేనప్పుడు అమ్మ బీరువా అద్దం ముందు బ్యాటు తిప్పేదాన్ని. అద్దంలో కుడి ఎడమై, ఆ పిల్ల ఎప్పుడూ పిడుగులా అటువైపే నిలబడేది. నాకు తెలిసిన నా స్వింగ్ అదే. షాపులోకి వెళ్లిన రోజు ఆ పిల్లని అక్కడే వదిలేశాననుకున్నాను. ఆదివారం అది నా కళ్లముందు కాలు మెల్లగా వేసి, నడుము తిప్పింది.

మొదటి బాల్‌కి తొందరపడి గాలిని కొట్టింది, అది నా చలవే. రెండోది తగిలింది. పెద్ద దెబ్బేం కాదు, నేల మీద దొర్లుకుంటూ పోయింది. కానీ అటువైపు నిలబడ్డవాళ్లకి పరుగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్ ఒకట్రెండు అడుగులు దగ్గర. పైగా గాలిలా పరుగెత్తే పిల్ల! వాళ్లు బాల్ ఏరి విసిరేసరికి మనది బేస్ మీద నిలబడి చెమట తుడుచుకుంటోంది. "మనకి ఎడమచేతి బ్యాటర్ లేదుగా, ఈ పాప పేరు రాయండి" అని మీ కోచ్ అనడం కంచె దాకా వినిపించింది.

నీకు కనబడకుండా వచ్చేశానని కోప్పడకు. ఏడ్చి ఏడ్చి ముఖం వాచింది. మనింట్లో ఏడవడం నీ పని, నీ ముందు నేను ఏడిస్తే బాగోదు.

పిల్లని ఇటు మార్చావంటే ఊరుకోను. తొందరపడొద్దని మాత్రం చెప్పు. ఆదివారాలు ఇక షాపు తియ్యను. నేనొచ్చి బాల్ వేస్తాను.

ఆశీస్సులతో,
అక్క

తా.క. పిల్ల కొట్టేటప్పుడు నువ్వు రెండు చేతులతో ముఖం కప్పుకుని కూర్చున్నావు. చూడలేదు కనక చెబుతున్నాను, చాలా బాగుందిరా.