గడ్డకట్టని నీళ్లు

పుణె,
జూన్ 12

ప్రియమైన గ్రేస్ అక్కకు,

భాను నమస్కారాలు. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకండి. గ్రూపు మెయిల్‌లో రాస్తే మన రాజేశ్వర్ రావు సారూ, ఇక్కడి మేడమూ ఇద్దరూ చదువుతారు. ఫోన్‌లో చెబుదామంటే మీ గొంతు వినగానే అంతా బాగుందనేసి పెట్టేస్తాను. అందుకే పోస్టాఫీసుకు వెళ్లి కవరు కొన్నాను. కౌంటర్‌లో ఉన్నాయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి మరీ ఇచ్చాడు.

అక్కా, గడ్డకట్టడం లేదు.

మీరు వరంగల్ నుంచి పంపిన పొడి అదే, తూకం అదే, మీరు రాసిచ్చిన పద్ధతి అదే. నీళ్లలో కరిగించి వదిలేస్తే ఆ పొడిలోని చిన్న ప్రొటీన్ ముక్కలు ఎవరూ చెప్పకుండానే ఒకదాన్నొకటి పట్టుకుని దారాలు కావాలి. దారాలు చిక్కుపడి జున్నులాంటి జెల్ అయి నిలబడాలి. మన వరంగల్ ల్యాబ్‌లో కళ్లారా చూశాను కదా. ఇక్కడ సీసా వంచితే మంచినీళ్లలా కారిపోతోంది. పెద్ద మైక్రోస్కోపు కింద పెడితే ఒక్క దారమూ కనబడదు. ఆ మిషన్ దగ్గర వంతు కోసం జనం ఎదురుచూస్తుంటారు, నేనేమో నా వంతు వచ్చినప్పుడల్లా ఉత్త నీళ్లను ఫోటో తీసి వస్తున్నాను.

మేడమ్ ఏమీ అనరు. అదే బాధ. "ఫర్వాలేదు, మళ్లీ చూడు" అని మెల్లగా ఇంగ్లిషులో అనేసి వెళ్లిపోతారు. నాలుగు తిట్టినా బాగుండేది. క్యాంటీన్‌లో ఎవరైనా "నీ జెల్ ఏమైంది" అని అడుగుతారేమోనని అందరూ తిన్నాక వెళ్లి తింటున్నాను.

ధర్మసాగర్‌లో నాయినకు మాత్రం పని బాగా నడుస్తోందనే చెప్పాను. ఈ జెల్ ఎప్పటికైనా పుండ్ల మీద వేసే పట్టీకి పనికొస్తుందని ఒకసారి నోరు జారాను. ఇక చూడండి, మా వాడు పుణెలో పుండ్లకు మందు తయారు చేస్తున్నాడని కనబడ్డవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నేల చీలితే బాగుండుననిపిస్తుంది.

రెండు ల్యాబులు కలిసి చేస్తున్న పని నా ఒక్కడి దగ్గర ఆగిపోయింది. నేనేం తప్పు చేస్తున్నానో చెప్పండక్కా.

మీ తమ్ముడు,
భానుచందర్


మట్టెవాడ, వరంగల్,
జూన్ 24

ప్రియమైన తమ్ముడు భానుకు,

నీ ఉత్తరం ముందు మా అమ్మ దీనమ్మ గారి చేతికి చిక్కింది. "ఈ కాలంల ఉత్తరం రాసేటోడు ఎవడే? సంబంధమా?" అని దీనమ్మ గారు దాన్ని కిటికీ వెలుగులో పెట్టి చూశారు. నా జూనియర్ అని చెబితే నమ్మలేదు. పైగా నిన్ను ఈసారి ఇంటికి తీసుకురమ్మంది. బతుకు మీద ఆశ ఉంటే రాకు.

ఇక నీ సంగతి. ఒరేయ్, నేను పొద్దున కలిపిపెట్టి ఛాయ్ తాగి వచ్చేసరికి గట్టిపడి ఉంటుంది. ఒక్కసారి కూడా తప్పలేదు. నాకు కలిసొచ్చిన గాజు సీసా ఒకటుంది, నీకు తెలుసు. మొదటిసారి జెల్ కట్టింది అందులోనే. అప్పటినుంచి దాన్ని ఎవరినీ ముట్టనివ్వను. సబ్బు తగలనివ్వను, ఉత్త నీళ్లతో నేనే కడిగి బోర్లిస్తాను. ల్యాబ్‌లో అందరూ దాన్ని గ్రేస్ మేడమ్ కొడుకు అంటున్నారు. అననీ.

నువ్వు మొదటినుంచీ కంగారు మనిషివి. పొడి పూర్తిగా కరగకముందే కదిలిస్తున్నావేమో, చేయి వణుకుతోందేమో. చర్చిలో కూర్చున్నంత నెమ్మదిగా నీళ్లు పొయ్యి. అన్నం వేళకు తిను.

వచ్చే నెల రెండు ల్యాబులకూ ఆన్‌లైన్‌లో రివ్యూ మీటింగు ఉంది. నీ ఫెలోషిప్ ఇంకో ఏడాది ఇవ్వాలా వద్దా అన్నది అక్కడే తేలుతుంది. కమిటీ వాళ్లు ఏమడిగినా నేను మాట్లాడతాను. నేనుండగా నీకు ఫికర్ ఎందుకు?

ప్రేమతో,
నీ గ్రేస్ అక్క


ధర్మసాగర్,
జూలై 30

గౌరవనీయులైన గ్రేస్ అక్కకు,

అమ్మకు జ్వరం ఎక్కువై దవాఖానలో చేర్చారు. అందుకే మీటింగు వారం ఇంటికొచ్చాను. అమ్మ ఇప్పుడు బాగానే ఉంది. మీటింగులో నా వెనక కనబడిన సున్నపు గోడ మా ఇంటిదే. మీకు కనబడనిది ఇంకొకటి ఉంది. లాప్‌టాప్‌కు అవతలి పక్క, కెమెరాకు అందనిచోట, మా నాయిన కూర్చున్నాడు. ఉతికిన తెల్లచొక్కా వేసుకుని కూర్చున్నాడు. కొడుకు పెద్దవాళ్లతో మాట్లాడుతుంటే చూడాలని ముచ్చటపడ్డాడు. నేనే రమ్మన్నాను.

వరంగల్‌లో వస్తున్నది పుణెలో ఎందుకు రావడం లేదని కమిటీ ఆయన అడిగారు. సార్ మీ వైపు చూశారు. మీరు ఇంగ్లిషులో అన్నారు: "పద్ధతిలో లోపం లేదు. అక్కడ చేయి సరిగ్గా లేదు." అందరూ తలలూపి తర్వాతి విషయానికి వెళ్లిపోయారు. అంతకంటే ఏమీ జరగలేదు.

అయ్యాక నాయిన అడిగాడు, "ఏమన్నరు బిడ్డా?"

"మంచిగ చేస్తున్ననన్నరు నాయినా."

ఆయన లేచి బయటికి వెళ్లి, గోడ అవతల గడ్డి వేస్తున్న మొండయ్య మామకు చెప్పాడు. "మావోన్ని పెద్ద సార్లు మెచ్చుకున్నరే." నేను లోపలే ఉండిపోయాను. సాయంత్రానికి ఊళ్లో చాలామందికి తెలిసింది. ఇప్పుడు దుకాణానికి వెళ్లాలన్నా సిగ్గుగా ఉంది. జనం నన్ను చూసి నవ్వుతున్నారు, మంచి నవ్వే.

ఫెలోషిప్ పొడిగించడం లేదని నిన్న మెయిల్ వచ్చింది. పుణె మళ్లీ వెళ్లను. స్టేషన్ ఘన్‌పూర్‌లో ఒక జూనియర్ కాలేజీలో అడిగాను, రమ్మన్నారు. పాఠం చెప్పడానికి చేయి బాగుండనక్కర్లేదు.

మీ మీద కోపం లేదు. మీరన్నది నిజమే అయి ఉంటుంది. నేనే మీ అందరి పేరూ పాడు చేశాను, క్షమించండి.

ఇట్లు,
భానుచందర్


పుణె,
ఆగస్టు 25

ప్రియమైన భానూ,

నీ ఉత్తరానికి జవాబు రాయడానికి ఇన్నాళ్లూ ధైర్యం చాలలేదు. ఇప్పుడూ లేదు, కానీ రాయక తప్పదు.

నువ్వు వదిలేసిన పని పూర్తి చేసి రమ్మని సార్ నన్ను ఇక్కడికి పంపారు. నీ టేబుల్ దగ్గరే కూర్చున్నాను. వచ్చిన రోజే అందరినీ పిలిచి, "చూడండి, ఇది ఇలా చేయాలి" అని ఇక్కడి కొత్త సీసాలో కలిపాను. అక్షరాలా ఆ మాటే అన్నాను. ఛాయ్ తాగి వచ్చాం. సీసా వంచాను. నీళ్లు.

మర్నాడూ నీళ్లే. ఆ తర్వాతా నీళ్లే. మేడమ్ వచ్చి "ఫర్వాలేదు, మళ్లీ చూడు" అన్నారు. నువ్వు రాసిన ఆ మాటే నాకూ వినబడింది. క్యాంటీన్‌కు నేనూ ఆలస్యంగానే వెళ్లాను.

చివరికి, ఎందుకైనా మంచిదని బ్యాగులో తెచ్చుకున్న నా సీసా తీసి అందులో కలిపాను. అదే పొడి, అవే నీళ్లు, అదే చేయి. ఛాయ్ తాగి వచ్చేలోపు గట్టిపడింది.

సంతోషంతో అరవబోయాను, అంతలో మా అమ్మ పెరుగు గిన్నె గుర్తొచ్చి ఆగిపోయాను. మా అమ్మ పాలకు ఎప్పుడూ తోడు వేయదు. గిన్నెను తోమకుండా ఉత్త నీళ్లతో కడిగి అందులోనే పాలు పోస్తుంది, అంచుకు మిగిలిన పెరుగే తోడవుతుంది. నా సీసా కూడా అంతే భానూ. గాజు గీతల్లో పాత దారాలు కంటికి కనబడనంతగా మిగిలిపోయాయి. కొత్త ముక్కలు వాటిని పట్టుకుని దారాలవుతున్నాయి. ఆ మొదటిసారి ఎలా కట్టిందో ఇంకా తెలియదు, ఆ తర్వాత మాత్రం వాటంతటవి ఎన్నడూ కట్టలేదు. మేడమ్ సలహా మీద ఆ సీసాను ఆసిడ్‌తో కడిగి మళ్లీ కలిపాను. నీళ్లు.

నువ్వు ప్రతిసారీ కొత్త సీసా వాడావు. నీ చేయి బాగా లేకపోవడం కాదు, నీ చేయి శుభ్రంగా ఉంది. మన రెండు ల్యాబుల్లో సరైన ఫలితం వచ్చింది నీకొక్కడికే. నీ చేయి బాగాలేదని అందరి ముందూ అన్నది నేను. తెలియకే అన్నాను, కానీ తెలుసుకోవాలని కూడా అనుకోలేదు. నీ సీసా ఎలాంటిదని ఒక్క ముక్క అడిగి ఉంటే సరిపోయేది.

ఇంకో సిగ్గుమాలిన పని కూడా చెప్పాలి. సార్‌కు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఆయన, "పేపర్లో తయారీ వివరాలు మారుద్దాం. కమిటీ దాకా ఎందుకు?" అన్నారు. నేను సరే అన్నాను. నా థీసిస్ మొత్తం ఆ సీసాలోంచే వచ్చిందని గుర్తొచ్చి సరే అన్నాను. అప్పటినుంచి అద్దంలో ముఖం చూసుకోవడం కష్టంగా ఉంది.

ఏం చేయమంటావో నువ్వే చెప్పు. నువ్వు చెప్పినట్టు చేస్తాను.

నీ అక్క అనిపించుకునే అర్హత లేని,
గ్రేస్


ధర్మసాగర్,
సెప్టెంబరు 3

గ్రేస్ అక్కకు,

మీ ఉత్తరం చదివి చాలాసేపు గట్టు మీద కూర్చున్నాను. నా చేయి నాకు తిరిగొచ్చినట్టుంది. అంతవరకు సంతోషమే.

కానీ ఏం చేయాలో నన్నడగకండి. కమిటీకి చెప్పండి అంటే అడుక్కున్నట్టవుతుంది, వద్దంటే అబద్ధమవుతుంది. అది మీరే తేల్చుకోవాలి.

ఒక్కటే కోరుతున్నాను, మా నాయిన దాకా ఇది రానివ్వకండి. ఇప్పుడు నా తప్పు లేదని చెప్పాలంటే, ఆ రోజు మీరేమన్నారో కూడా చెప్పాలి. ఆయన ఊరంతా చెప్పుకున్నది అబద్ధమని తెలిస్తే నాకంటే ఆయనే ఎక్కువ తలదించుకుంటాడు.

ఇట్లు,
భాను


మట్టెవాడ, వరంగల్,
సెప్టెంబరు 18

ప్రియమైన తమ్ముడు భానుకు,

మొన్న మీ ఊరు వచ్చాను. నీతో ముఖాముఖి మాట్లాడాలనే వచ్చాను. నువ్వు కాలేజీకి వెళ్లావట, వాకిట్లో మీ నాయిన ఒక్కడే ఉన్నాడు. మంచినీళ్లు ఇచ్చాడు. నేను పేరు చెప్పగానే గొంతు గుర్తుపట్టి అడిగాడు, "ఆ దినం కంప్యూటర్ల మాట్లాడిన బిడ్డవు నువ్వే కదా? నువ్వు మాట్లాడినంకనే మావోడు తల దించిండు."

నువ్వు కోరినట్టే ఆయనకు చెప్పకూడదనే చూశాను. కానీ నువ్వు దాచింది ఆయనకు ఆ రోజే తెలుసు.

"నాకు ఇంగ్లీషు రాదు గని, కొడుకు మొఖం జదువరాదా? మెచ్చుకుంటె మొఖం అట్లుంటదా? అబద్ధమాడ్తాండని నాకు అప్పుడే ఎరుక. నేను నమ్మనట్టు జేస్తే ఇంక సిగ్గుపడ్తడని ఊరంత జెప్పుకొచ్చిన."

భానూ, నువ్వు ఆయన కోసం దాచావు. ఆయన నీ కోసం దాచాడు. ఈ సంగతి నీకు చెప్పొద్దని కూడా నన్ను కోరాడు. అయినా చెబుతున్నాను. మీరిద్దరూ ఒకరి మీద ప్రేమతో ఒకరు దాచుకున్నారు, నేను మాత్రం నా థీసిస్ కోసం దాచాను. ఇక ఎవరూ దాచడం వద్దు.

అప్పుడు ఆయనకు అంతా చెప్పాను, సీసా సంగతితో సహా. తప్పు నాదని, క్షమించమని అడిగాను. తిడతాడనుకున్నాను. ఆయన నెమ్మదిగా అన్నాడు, "నువ్వు వచ్చి జెప్పినవు, మంచిదే బిడ్డా. గని ఆ మాట నలుగురి ముందట అన్నవు. ఇది నా ఒక్కని ముందట జెప్తే ఎట్ల?"

బస్సులో ఇంటిదాకా తల ఎత్తలేదు.

ఆ సాయంత్రమే గ్రూపు మెయిల్‌లో, కమిటీతో సహా అందరికీ, జరిగింది జరిగినట్టు రాసి పంపాను. పంపాకే సార్‌కు ఫోన్ చేశాను, ముందు చేస్తే మళ్లీ సరే అంటానని భయం. ఆయన చాలా కోప్పడ్డారు. ఇవాళ మాత్రం పిలిచి, "థీసిస్ మొదటినుంచి రాయాలి, తెలుసుగా" అన్నారు. తెలుసు అన్నాను. పుణె మేడమ్ నీ టేబుల్ ఎవరికీ ఇవ్వలేదట. దారాలకు మొదటి పట్టు ఎక్కడ దొరుకుతుందన్నదే ఇక మన రెండు ల్యాబుల ప్రశ్న అని, దానికి నీ ఫలితాల నుంచే మొదలుపెట్టాలని ఆమె రాశారు. నీ ఫెలోషిప్ మాట మళ్లీ ఎత్తడానికి వచ్చే శుక్రవారం మీటింగు పెట్టారు. వచ్చేదీ రానిదీ నీ ఇష్టం. వస్తే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు, రాకపోతే అడిగే హక్కు నాకు లేదు.

ఆ మీటింగులో మొదట మాట్లాడేది నేనే. రెండు నిమిషాలు తెలుగులో మాట్లాడతానని అనుమతి అడిగాను, ఇచ్చారు. అర్థం కాని వాళ్లకు తర్వాత ఇంగ్లిషులో చెబుతాను. నువ్వు మీ నాయినను కెమెరా అవతల కాకుండా నీ పక్కనే కూర్చోబెట్టుకో. ఈసారి ఆయనకు నువ్వేమీ తర్జుమా చేయాల్సిన పని లేదు.

సిగ్గుతో, ప్రేమతో,
గ్రేస్